సుల్తాన్‌బీ చెప్పిన వార్త

సుల్తాన్‌బీ పెద్ద బాబా గడ్డం కింద అంటిన నురుగు తుడిచి, టై ముడి మెడ దాకా లాగింది. ఆయన అద్దంలో చూసుకుని, "కారొచ్చిందా?" అన్నాడు ఇంగ్లీషులో. ఆమె ఈ ఇంటికి పనికొచ్చిన మూడేళ్లుగా రోజూ అదే ప్రశ్న; తన దేశానికి తీసుకెళ్లే కారొస్తుందని ఆయన ఆశ.

"వస్తాంది బాబా."

ఎనభై రెండేళ్ల ఆ మనిషి ఒకప్పుడు యూరప్‌లో ఒక చిన్న దేశానికి ప్రధానమంత్రి. అక్కడ మొత్తం జనం కడప జిల్లాలో సగం కూడా ఉండరట. బడిపంతులు కొడుకు. యాభై ఏడో ఏట గద్దెనెక్కి పదకొండేళ్లు దిగలేదు. చివరి ఏడాది రేవు కూలీలు సమ్మె చేస్తే కాల్పులకు సంతకం పెట్టాడు. తొమ్మిది మంది చచ్చిపోయారు. ఎన్నికల్లో ఓడాడు, కేసు పడింది, తీర్పు రాకముందే దేశం దాటాడు. కువైటీని పెళ్లాడిన కూతురు కువైట్‌లో ఎగైలాలోని తన ఇంట్లో వెనక గది ఇచ్చింది.

సుల్తాన్‌బీ మొగుడు అబ్దుల్ సలాం ఇక్కడే షుఐబా రేవులో కాంట్రాక్టు కూలీ. అందుకే ఒకసారి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది, చచ్చిన ఆ కూలీలేం తప్పు చేశారని.

"దారికి అడ్డంగా నిలబడ్డారు" అన్నాడాయన. "వాళ్లు చచ్చారని కబురొచ్చినా నేను మాత్రం భోజనం పూర్తి చేసే లేచాను."

ఆ ఉదయం కూతురు ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అరబ్బీలో చెప్పింది: "నాన్న తిరిగొస్తానంటే అక్కడి ప్రభుత్వం కుదరదంది. బతికుండగానే కాదు, శవంగా కూడా రానివ్వరట. ఈయనకు చెప్పకు."

ఇదే అదను అనుకుంది సుల్తాన్‌బీ. కువైట్ ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని పిలిచే పిలుపుతోనే అడిగింది: "మామా, నా సెలవు. రాయచోటిలో మా పాపకు ఈ నెల్లోనే కాన్పు."

"నీ చేత్తో తప్ప తినడు కదా. ఆయన పోయాక నువ్వు పో."

ఓట్స్ జావ రెండో చెంచాకే పెద్ద బాబా ఉమ్మేశాడు. అది ఆమె కంట్లో పడింది. "రేవు కుక్కా!" అని గిన్నె విసిరికొట్టాడు. సుల్తాన్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన చెవి దగ్గరకు వంగింది.

"కారు రాదు బాబా. యువర్ కంట్రీ నో వాంట్ యూ. సచ్చినా వద్దంట. ఖలాస్."

ఆయన తల తిప్పి చూశాడు. "ఎవరన్నారు?"

"అందరూ."

ఒక్క క్షణం ఆమెకు తియ్యగా అనిపించింది. ఆయన తానే టై విప్పుకోబోయి, ముడి రాక పెనుగులాడుతుంటే ఆ తియ్యదనం పోయింది. టై విప్పి, నోరు కడిగి పడుకోబెట్టింది. ఆయన గోడ వైపు తిరిగాడు. మధ్యాహ్నం నీళ్లు పట్టినా మింగలేదు.

"తప్పు నాదే బాబా, ఒక్క గుక్క తాగు" అని తెలుగులోనే బతిమాలింది.

సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ అయ్యేసరికి ఆయనకు ఊపిరి లేదు.

అంబులెన్సు వాళ్లు పావుగంటలో మోసుకుపోయారు. కూతురు ఏడవలేదు. కిటికీ తెరిచి, "శనివారం నుంచి అబూ హలీఫాలో మా ఆడబిడ్డ ఇంటికి పో" అంది. "వాళ్ల అత్త మంచం మీదుంది."

"సెలవు మామా? పోయినాక పో అంటివి కదా."

"తర్వాత చూద్దాం. యల్లా, తొందరగా గది కడుగు."

సుల్తాన్‌బీ దుప్పట్లు తీసింది, పరుపు ఎత్తి గోడకు ఆనించింది. పక్కబల్ల మీద గాజుగ్లాసులో, నీళ్ల అడుగున, ఆయన కట్టుడుపళ్లు ఉండిపోయాయి.