నాలుగో తీగ

మంగలి ఒక చెంప గీసి రెండో చెంపకు నురగ రాస్తుండగా, మెకానిక్ చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. మూడు తీగ ముక్కలు తగిలాయి. పొద్దుటి డ్యూటీలో తీసుకెళ్ళినవి నాలుగు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

ఫ్యాక్టరీలో యాసిడ్ ట్యాంకుకు రెండు కాపలాలు. మొదటిది కంప్యూటరు. ట్యాంకులో మట్టం ఎంతుందో నెట్‌వర్క్ మీదుగా దానికి చేరుతుంది, నిండబోతే అది పంపు ఆపుతుంది. అది తప్పినా ఆపడానికి రెండోది, కంప్యూటరుతో సంబంధం లేకుండా సొంత వైర్ల మీద నడిచే స్విచ్. పరీక్షలప్పుడు ఉత్తపుణ్యానికి పంపు ఆగిపోకుండా ఆ స్విచ్ నోరు నొక్కేది ఈ తీగ ముక్కే. పరీక్ష అయ్యాక తీయాల్సిన నాలుగో ముక్క దానికే ఉండిపోయింది. ట్యాంకు కింద నలుగురు పైపులు కడుగుతున్నారు.

కుర్చీలోంచే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేశాడు. అది మోగి మోగి ఊరుకుంది.

"సగం గడ్డంతో ఎక్కడికయ్యా? జనం నవ్వుతారు!" అన్నాడు మంగలి.

"నవ్వనీ!"

కంట్రోల్ రూమ్‌లో షిఫ్టు ఇన్‌ఛార్జ్, అతని భార్యకు స్వయానా అన్న, అప్పుడే టీ తాగొచ్చి తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏమిటి బావా ఈ అవతారం? కొంపలేమైనా అంటుకున్నాయా?"

"యాసిడ్ మట్టం ఎంత?"

"డెబ్బై. ఇంకా బోలెడు ఖాళీ."

తెర మీద అంకె కదలడం లేదు. పంపు నడుస్తుంటే అది క్షణం కుదురుగా ఉండదు.

"ఎంతసేపటి నుంచి డెబ్బై?"

ఇన్‌ఛార్జ్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. "పొద్దున్నుంచీ నెట్‌వర్క్ మొరాయిస్తోంది బావా..."

మెకానిక్ పరుగెత్తి పంపు పక్కనున్న ఎర్ర బటన్ గుద్దాడు. ట్యాంకు గాజు గొట్టంలోకి చూశాడు. యాసిడ్ అంచుకు నాలుగు వేళ్ళ కిందే ఉంది. కింద పైపులు కడిగే నలుగురూ అతని సగం గడ్డం చూసి పగలబడి నవ్వారు. అతనికి ఏడుపొచ్చింది.

తీగ ఊడదీసి వచ్చాక ఇన్‌ఛార్జ్ గొంతు తగ్గించాడు. "రిజిస్టర్లో ఏమీ రాయకు. మూడో కంటివాడికి తెలీదు. ఉద్యోగం పోతుంది, నా చెల్లెలు ఉసూరుమంటుంది."

"ఇవాళ జేబులో చెయ్యి పెట్టాను కాబట్టి సరిపోయింది బావా. రేపు ఇంకెవరో మరిచిపోయి, జేబులో చెయ్యి పెట్టకపోతే?"

మెకానిక్ రిజిస్టర్ తెరిచి రాశాడు: "తీగ తీయడం మరిచాను."

ఇన్‌ఛార్జ్ ఆ పేజీ తనవైపు తిప్పుకున్నాడు. పైన పొద్దుటి వరుసలో, 'తీగలన్నీ తీశారు' అన్నచోట ఉన్నది తన సంతకమే. పెన్ను అందుకుని కింద రాశాడు: "చూడకుండా సంతకం పెట్టింది నేను."