మామగారి ఎడమ కాలు

మనవరాలు హన్‌బ్యోల్ మోకాలికి వేడినీళ్ళ తువ్వాలు చుడుతున్నాను. "ఎడమ అడుగు వేసేటప్పుడే నాన్నమ్మా, కలుక్కుమంటోంది," అంది. నలభై ఏళ్ళ క్రితం మామగారికీ ఇలాగే చుట్టేదాన్ని. అదే మోకాలు, అదే చోట నొప్పి.

మా సియోల్ కొండవాలు పేటలో తెక్యోన్ తెలిసినవాళ్ళలో మామగారే చివరివారు. నాట్యంలా ఊగుతూ, మూడు మూలలుగా అడుగులు వేస్తూ, ఎదుటివాణ్ణి కాలితో పడగొట్టే పోరు అది. ఆయన చిన్నప్పుడు దానో పండుగకి ఎగువపేటా దిగువపేటా పోటీపడి ఆడేవట. జపాన్ పోలీసులు తరిమారు, తర్వాత యుద్ధం వచ్చింది, ఆ తర్వాత నేర్పమని అడిగినవాడే లేడు. మా ఆయనకైతే సిగ్గు. "రౌడీల తన్నులాట అది నాన్నా, పక్కింటివాళ్ళు నవ్వుతున్నారు," అనేవారు. నేను పెరట్లో కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు ఉప్పులో వేసి నడుం ఎత్తగానే మామగారు, "కోడలా, కాసేపు ఎదురుగా నిలబడమ్మా," అనేవారు. ఉప్పుచేతులతోనే నిలబడేదాన్ని. అలా ఆరేళ్ళు. "నీ కాలు దూదిలా పడుతోందే! మగపిల్లాడివై పుట్టాల్సింది," అనేవారు. అప్పట్లో అది పొగడ్తే అనుకున్నాను.

ఆయన మోకాలు పోయింది నా మూలంగానే. నాకు నెలలు నిండిన ఆ చలికాలం, నేను మోయాల్సిన బొగ్గుబిళ్ళలు తనే మోస్తూ మంచుమీద జారారు. అప్పటినుంచీ ఎడమ కాలు ఎత్తలేక నేలమీద ఈడ్చేవారు. మరుసటి ఏడాది, ఈ విద్య అంతరించిపోకముందే రాసిపెట్టాలని ఇద్దరు ప్రొఫెసర్లు కెమెరాతో వచ్చారు. మామగారు నొప్పి దాచుకుని ఆడి చూపించారు. నేను బార్లీ టీ పోస్తుంటే ఒకాయన ఇంకొకాయనతో, "ఎడమ పాదం నేలను రాస్తూ రావాలి. రాసుకో, ముఖ్యం," అన్నాడు. వాళ్ళు వెళ్ళాక మామగారు నన్ను పిలిచి, "ఇవాళ కాలు మాట వినలేదమ్మా. అది అడుగు కాదని వాళ్ళకి చెప్పించు. కుంటివాణ్ణని నా నోటితో చెప్పుకోలేను," అన్నారు. మా ఆయనతో చెప్పాను. "ప్రొఫెసర్లకి నువ్వు పాఠం చెప్తావా? పోయి అన్నం సంగతి చూడు," అన్నారు. వెళ్ళి అన్నం సంగతి చూశాను.

ఆ చలికాలం దాటకుండానే మామగారు పోయారు. పుస్తకం వచ్చింది, ప్రభుత్వ గుర్తింపూ వచ్చింది. సిగ్గుపడ్డ మా ఆయనే తండ్రి పేరున ఇంటిముందు శిక్షణాలయం కట్టించి, ఆ పుస్తకం చూసే నేర్చుకుని గురువయ్యారు. పిల్లలంతా పుస్తకంలో ఉన్నట్టే కాలు ఈడ్చడం నేర్చుకున్నారు. ఏటా ఒకరిద్దరు మోకాలు పట్టుకుని మానేస్తే, "ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు," అనేవారాయన. వాళ్ళ తెల్లబట్టలు ఉతికేది నేనే. పాంటు ఎడమ కాలి అంచు ఎప్పుడూ ముందే చిరిగేది. ఎందుకు చిరుగుతోందో తెలిసీ, ఇన్నేళ్ళూ నోరు విప్పకుండా అతుకులు వేస్తూ వచ్చాను. మామగారు నన్ను అడిగింది ఒక్క మాట చెప్పమని. ఆయన నాకోసం బొగ్గు మోశారు, నేను ఆయనకోసం ఆ మాట మోయలేకపోయాను.

"తగ్గిపోతుందిలే నాన్నమ్మా, తాతయ్య ఓర్చుకోమన్నాడు," అంటూ హన్‌బ్యోల్ లేచి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాటింది.

పొయ్యి ఆపి, ఏప్రన్ విప్పి దాని వెనకే వెళ్ళాను. శిక్షణాలయంలో నలభైమంది పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. మా ఆయన నా ఖాళీ చేతులు చూసి, "టీ ఏదీ?" అన్నారు.

"టీ లేదండీ. ఆ ఈడ్పు విద్య కాదు, మామయ్యగారి మోకాలినొప్పి. నలభై ఏళ్ళ కిందట మీకు చెప్పాను."

ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఆయన మొహం ఎర్రబడింది. "పిల్లల ముందు ఏమిటిది? నీకేం తెలుసని?"

చెప్పులు విడిచి, చాపమీదికి ఎక్కాను.

"కాసేపు ఎదురుగా నిలబడండి," అన్నాను.