గంజిపొడి

"నువ్వు చెల్లివి కదా. అక్క ఏదీ?" ఆవిరి మిషన్ల మధ్య నిలబెట్టి అడిగాడు సూపర్‌వైజరు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. ఆ అక్కచెల్లెళ్లు కవలలు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో అక్కది పొద్దుటి షిఫ్టు, చెల్లిది సాయంత్రం షిఫ్టు. అక్కడ జబ్బు చేస్తే సెలవుండదు, ఉద్యోగమే ఉండదు. అందుకని ఒకరు మంచాన పడితే ఇంకొకరు రెండు షిఫ్టులూ చేసేవాళ్లు. కన్నతల్లే తికమకపడే పోలిక, ఈయనేం పోల్చుకుంటాడు? ఆయన కళ్లేమీ మెరుగుపడలేదు, అక్కే మారిపోయింది. రేపు అక్క రాకపోతే ఆ మిషను దగ్గర ఇంకొకరుంటారని చెప్పి, అక్క షిఫ్టుకొచ్చిన చెల్లిని పంపేశాడు.

అక్క గదిలో ఒక పక్కకే ఒత్తిగిల్లి ఉంది. నడుము చుట్టూ లేచిన సర్పి పొక్కులు మానినా మంట మానలేదు. ముప్పై ఎనిమిదేళ్లకే జుట్టు నెరిసింది, వీపు వంగింది. చిన్నప్పుడు ఒకే చాప మీద ఇద్దరికీ ఆటలమ్మ పోసింది. ఆ వైరస్ ఒంట్లోంచి పోదట, నరాల్లో నిద్రపోతుందట, ఒళ్లు హూనమైతే సర్పిగా మళ్లీ లేవొచ్చట. ఇలా నక్కి ఉండే వైరస్‌లు ఒంట్లో కణాలనే తొందరగా ముసలివి చేస్తాయేమో, అది ఇంకా తేలలేదంది డాక్టరమ్మ. మరి నాలో ఎందుకు లేవలేదని చెల్లి అడిగితే, అదీ చెప్పలేనంది.

చెల్లికి మాత్రం ఇంకొకరు చెప్పనక్కర్లేకపోయింది. తను రెండు కాన్పులకూ ఇంట్లో ఉన్న నెలలన్నీ అక్కే రెండు షిఫ్టులు చేసింది. తను మానుకోవాల్సిన నిద్ర కూడా అక్కే మానుకుంది.

మర్నాడు పొద్దున అక్క కళ్లు తెరిచేసరికి చెల్లి అద్దం ముందుంది. లాండ్రీ నుంచి తెచ్చిన గంజిపొడి జుట్టుకు పట్టించుకుంటోంది. తర్వాత వీపు వంచి, నడుము మీద చెయ్యి వేసుకుని, రెండడుగులు నడిచి చూసుకుంది.

అక్క అద్దం చూసుకోవడం మానేసి చాలాకాలమైంది.

"నేనిలా ఉన్నానా?" అంది.

అక్క గోడ పట్టుకుని లేచి, తడిగుడ్డతో ఆ తల తుడవబోయింది. పొడి తడిసి జిగురై ఇంకా అంటుకుంది.

"నువ్వు వెళ్లొద్దు. నేనే వెళ్తా. పనికి కాదు. జబ్బు చేసింది, సెలవు కావాలని నా నోటితోనే అడుగుతా."

"తీసేస్తారక్కా."

"తియ్యనీ. అది నీ ఒంట్లోనూ పడుకునే ఉంది. దాన్ని లేపుకోకు."

అని, నొప్పికి పళ్లు బిగించి, గంజి పట్టిన జుట్టును పాయ పాయగా విడదీయడం మొదలుపెట్టింది.