కారులో సాంబ్రాణి పొగ

తెల్లారకుండానే లేచి కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి పెట్టేడు ఎబినేజర్. ఈవేళ పదకొండు గంటలకి కూతురు ఇంటికొస్తోంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, అదీ ఏడో నెలలోనే పుట్టేసి, అమలాపురం ఆసుపత్రిలో గాజుపెట్టెలో నలభై రెండు రోజులున్న పిల్ల.

"ఊపిరితిత్తులింకా లేతగానే ఉన్నాయండీ. దుమ్ము, చెమ్మ, పొగ ఏవీ తగలకూడదు. మీది బాడుగ కారు కదా, మా అంబులెన్సు పంపుతాంలెండి," అంది మొన్న డాక్టరమ్మ.

"లేదండీ, మా పాపని నా కార్లోనే తీసుకెళ్తాను. శుభ్రం చేసి తెస్తాను, మీరే చూసుకోండి."

"సరే. మా సిస్టర్ సత్యదుర్గ చూస్తుంది. ఆవిడ కాదంటే అంబులెన్సే."

మాటయితే అనేశాడు గానీ, రాజోలు స్టాండులో పదేళ్ళుగా ఆ కారు ఎవరిని మొయ్యలేదు? గల్ఫు నుంచి దిగినవాళ్ళు, దగ్గే ముసలివాళ్ళు, కాట్రేనికోన రొయ్యల బుట్టలు. వాళ్ళందరి ఊపిరీ ఇంకా లోపలే తిరుగుతోందనిపించింది.

నిన్నంతా అదే పని. సర్వీసింగ్ షాపు ప్రకాష్ దుమ్ము లాగే మిషను పెడితే మ్యాట్ల కింద నుంచి దోసెడు కొబ్బరిపీచు పొట్టు వచ్చింది.

"కారు నడుపుతున్నారా, కొబ్బరితోట మోస్తున్నారా అండీ?" అన్నాడు ప్రకాష్.

"నవ్వండి, నవ్వండి. ముందా ఏసీ ఫిల్టరు మార్చండి."

సబ్బునీళ్ళతో తుడిచేడు. స్టీరింగు, తలుపుల పిడులు, అద్దాల బటన్లు, బెల్టు కొక్కేలు స్పిరిట్‌తో మళ్ళీ తుడిచేడు. వెనక సీటు కవరు దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన మధ్యాహ్నం భార్య రెబెకా ఆ సీటు మీదే మెలికలు తిరిగింది. మర్నాడే నెత్తుటి మరక మీద కొత్త కవరు వేయించేశాడు. నలభై రోజులుగా దాన్ని ఎత్తి చూడలేదు, చూడట్లేదన్న సంగతి కూడా తనకి తాను చెప్పుకోలేదు. కవరు లాగేసి రుద్దడం మొదలెట్టేడు. నురగ ముందు గోధుమరంగుగా వచ్చింది, తర్వాత తెల్లగా వచ్చింది. మరక పలచబడేకొద్దీ గుండెల్లో ఏదో తేలికయింది. ఆఖరికి ఈలవేస్తున్నాడు. సాయంత్రం దాకా ఎండలో ఆరబెట్టేడు.

ఇప్పుడు మరోసారి తుడిచి స్నానానికెళ్ళేడు. తిరిగొచ్చేసరికి కారు అద్దాలన్నీ మూసున్నాయి. లోపల తెల్లగా, దట్టంగా పొగ.

పక్కన ధూపం గరిటె పట్టుకుని అత్తగారు లీలావతి తృప్తిగా నిలబడి ఉంది.

"సాంబ్రాణి వేశానండీ అల్లుడుగారూ. నా ఆరుగురు పిల్లలకీ నీళ్ళు పోసి ఇలాగే వేసేను. ఒక్కరికీ జలుబు లేదు."

"అయ్యో! ఎంత పని చేసేరండీ అత్తయ్యగారూ!"

తలుపులు విరిచేసేలా తెరిచేడు. వేసుకున్న చొక్కా విప్పి విసనకర్రలా ఊపుతూ పొగని బయటికి తోలేడు. ఏదో కటువైన మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ వేళ్ళు గరిటె మీద వణుకుతున్నాయి. ఆ వణుకు తనకి తెలుసు. ఇన్నాళ్ళూ స్టీరింగు మీద తన చేతులూ అలాగే వణికేయి.

"ఆ గరిటె అక్కడ పెట్టి గుడ్డ పట్టుకోండి," అన్నాడు. "పైకప్పు మీరు తుడవండి. సీట్లు నేను."

"ఆయ్," అందావిడ.

తొమ్మిదిన్నరకి బయల్దేరేరు. అద్దాలన్నీ దించేసేడు. బోడసకుర్రు వంతెన మీద గాలి ఆవిడ జుట్టు విరబోసింది, ఆవిడ కొంగు అతని మొహాన కొట్టింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆసుపత్రి ముందు ఆపి, దారిలో పడ్డ దుమ్ముని తడిగుడ్డతో మళ్ళీ తుడిచేరు.

సత్యదుర్గ వెనక సీట్లో కూర్చుని తలుపులు వేసుకుంది. రెండు నిమిషాలు. ఎబినేజర్ బయట ఊపిరి బిగబట్టేడు.

ఆవిడ దిగి అతని దగ్గరకొచ్చి ముక్కు చిట్లించింది. "పొగ వాసనండీ."

"అంతా తుడిచేమండీ..." చేతిలో తడిగుడ్డ చూపించేడు.

"కారుకి కాదండీ బాబూ, మీకు! మీ చొక్కాకి. పెద్దమ్మగారి చీరకి కూడాను. కారు అద్దంలా ఉంది."

పది నిమిషాల్లో ఇద్దరూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వాసన బట్టలు మార్చుకుని, వార్డు వాళ్ళిచ్చిన నీలం కోట్లలో నిలబడ్డారు. గుప్పెడంత పిల్లని గుండెకి హత్తుకుని వచ్చిన రెబెకా అతన్ని ఎగాదిగా చూసింది.

"డాక్టరుగారూ, రాజోలు దాకా వస్తారాండీ?"

"ఎక్కండమ్మా, ఎక్కండి," అన్నాడు. కళ్ళు తుడుచుకోబోయి, కడిగిన చేతులని గుర్తొచ్చి ఆగిపోయేడు.

కారు మెల్లగా కదిలింది. అద్దంలో చూస్తే పాప ఆవలిస్తోంది. అదే సీటు, అదే చోటు.

"ఇంట్లో కూడా ధూపం వెయ్యకూడదంటారా?" దిగులుగా అడిగింది లీలావతి.

"వద్దండీ."

ఆవిడ తడిగుడ్డ వైపు చెయ్యి చాపింది.

"అయితే ఆ గుడ్డేదో నా దగ్గరుంచండి. వెళ్ళగానే గుమ్మాలు తుడుస్తాను."