ఉప్పునీటి కింద నూట పదిహేడు

గొలుసక్క దుకాణంలోకి అడుగుపెట్టేటప్పటికి ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. బకెట్ నిండా సముద్రపు తడి ఇసుక. వెనకాలే ఆమె అక్క భర్త, పళ్ళ డాక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఇసుక అమ్మడానికొచ్చామనుకుంటారు మరదలా, కాస్త వెనక్కి పెట్టు," అన్నాడు గుసగుసగా.

"దాచడానికా బావా ఇంత దూరం మోసుకొచ్చింది?" అంటూ ఆమె బకెట్‌ను తిన్నగా అద్దాల బల్ల మీద పెట్టింది. "మెటల్ డిటెక్టర్ కావాలండీ. సముద్రం ఒడ్డున, మోకాల్లోతు నీళ్ళలో పనిచేసేది."

ముప్ఫై ఎనిమిదేళ్ళు సర్వే ఆఫీసులో కొలతల గొలుసు భుజాన వేసుకు తిరిగింది గనక ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆమె తన చేత్తో తీరం మీద ఒక హద్దు గుర్తు నాటింది. కాంక్రీటు దిమ్మ, దాని నెత్తిన అరచేయంత ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద 117 అన్న అంకె. అప్పట్లో అక్కడినుంచి నీళ్ళ అంచుకు అరవై నాలుగు మీటర్లు. ఇప్పుడు ఆ చోటు సముద్రంలో ఉంది.

తీరం వెంబడి అడ్డుగోడ కట్టబోతున్నారు. అది ఆ గుర్తుకు ఎదురుగా ఉన్న తాళ్ళు పేనేవాళ్ళ వీధికి ఇవతలే ఆగిపోతోంది. అక్కడ సముద్రం పెద్దగా ముందుకు రాలేదని కొత్త ఇంజనీరు లెక్క. పాత సర్వే పుస్తకంలో ఉన్న కొలత చూపిస్తే అతను మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. "రాతలో పొరపాటుండొచ్చు కదండీ. ఆ గుర్తు చూపించండి, గీత నేనే మారుస్తాను." గురువారం పొద్దున ఏడాది మొత్తంలో సముద్రం బాగా వెనక్కి తగ్గే రోజు. ఇంకా అయిదు రోజులుంది.

దుకాణదారు మొదటి యంత్రం తీశాడు. పొడుగాటి కర్ర, చివర పళ్ళెంలాంటి చుట్ట, పైన చిన్న తెర. "మా దగ్గర ఎక్కువగా పోయేది ఇదేనండి. పొలాల్లో, పార్కుల్లో తిరుగులేదు."

"పొలం కాదుగా," అంటూ ఆమె పళ్ళేన్ని బకెట్ మీదికి తెచ్చింది. యంత్రం ఒక్కసారిగా కీచుమని అరుపు లంకించుకుంది. ఇసుకలో గుండుసూది కూడా లేదు. బావగారు చెవులు మూసుకున్నాడు. "నా కుర్చీలో కూర్చున్నవాళ్ళు కూడా ఇలా అరవలేదమ్మా!"

దుకాణదారు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ, మరుక్షణమే అతనికీ సరదా పుట్టింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. "ఉప్పునీళ్ళు కూడా కరెంటును పోనిస్తాయండి. ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచేది గనక, తడి ఇసుకనే లోహమనుకుంటోంది. ఉండండి, ఇది చూడండి."

రెండోది పల్స్ యంత్రం. దాన్ని బకెట్ మీద ఎంత తిప్పినా కిక్కురుమనలేదు. గొలుసక్క పర్సులోంచి ఇత్తడి తాళం తీసి ఇసుకలో పూడ్చింది. టక్కున పలికింది. ఆమె కళ్ళు మెరిశాయి. తాళం తీసి తుప్పుపట్టిన మేకు పెట్టింది. అచ్చం అలాగే పలికింది.

"లోతు బాగా పట్టుకుంటుందండి. కానీ ఏది ఇనుమో ఏది ఇత్తడో చెప్పదు," అని ఒప్పుకున్నాడు దుకాణదారు.

"పాత రేవు అక్కడే ఉండేది. మేకులు బోలెడుంటాయి. నేను సముద్రమంతా తవ్వుకుంటూ కూర్చోవాలి."

మూడోది ఒకేసారి ఎన్నో ఫ్రీక్వెన్సీలతో పనిచేసేది. తడి ఇసుక మీద మొదట కాస్త గొణిగింది. దుకాణదారు బీచ్ మోడ్ పెట్టి, సున్నితత్వం రెండు మెట్లు తగ్గించాడు. గొణుగుడు ఆగిపోయింది. తాళానికి సన్నగా, మేకుకు బొంగురుగా, రెండు వేరే గొంతులతో పలికింది. గొలుసక్క తాళాన్ని, మేకును మార్చి మార్చి ఇంకో రెండుసార్లు పెట్టి చూసింది. ఇంకా తొందరపడలేదు.

"కెరటం వచ్చి తెర మునిగితే?"

"మునగొచ్చండి. కొన్నిటికి పళ్ళెం ఒక్కటే నీళ్ళకు ఆగుతుంది, పైనున్న పెట్టెలోకి చుక్క పోయినా అంతే సంగతులు. దీనికి పెట్టె కూడా ఆగుతుంది. హెడ్‌ఫోన్లు మాత్రం నీళ్ళకు ఆగేవే తీసుకోండి. ఇంటికెళ్ళాక మంచినీళ్ళతో కడగడం మరిచిపోవద్దు."

"ఇచ్చేయండి," అంది గొలుసక్క. బావగారి కంటే ముందే ఆమె మెట్లు దిగేసింది.

గురువారం తెల్లవారేసరికి సముద్రం నిజంగానే దూరంగా జరిగిపోయింది. గుర్తును కనిపెట్టడానికి పాత పుస్తకంలో రెండు కొలతలున్నాయి. ఒకటి లైట్‌హౌస్ గడప నుంచి, ఇంకొకటి ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి. ఆ పొగగొట్టాన్ని ఎప్పుడో కూలగొట్టారు. మిగిలిన ఒక్క కొలతతో, లైట్‌హౌస్ నుంచి రెండు వందల పన్నెండు మీటర్ల దూరంలో, వంపు తిరిగిన వరసలో ఆమె ముందురోజే కర్రలు పాతింది. ఆ వరసలో ఎక్కడో ఉండాలి నూట పదిహేడు.

మోకాల్లోతు నీళ్ళలో ఆమె పళ్ళేన్ని అటూ ఇటూ ఊపుతూ నడిచింది. పార పట్టుకుని బావగారు వెనకాలే. మొదట సోడా మూత, తర్వాత చెంచా. మూడోసారి గాజు పెంకుతో పాటు ఒక ఇత్తడి గొళ్ళెం. దొరికిన ప్రతిసారీ బావగారు "అదిగో!" అని కేకపెట్టడం, ఆమె గబగబా వంగి చూడడం, ఇద్దరూ ఉసూరుమనడం. వరస చివరిదాకా వెళ్ళారు. ఏమీ లేదు. నీళ్ళు తిరిగి ఎక్కడానికి ముప్పావు గంట ఉంది.

"పుస్తకంలో తప్పుందేమోనే," అన్నాడు బావగారు నెమ్మదిగా.

"నేను రాశాను బావా అది." ఆమె నీళ్ళలోనే నిలబడిపోయింది. కళ్ళు మూసుకుని ఆ రోజును మళ్ళీ చేతుల్లోకి తెచ్చుకుంది. గొయ్యి తవ్వారు. కాంక్రీటు పోశారు. బిళ్ళ కూర్చోబెట్టే ముందు తనే... "కడ్డీ!" అని అరిచింది. "బావా, దిమ్మలో గజం పొడుగు ఇనప కడ్డీ దింపాను! మేకుల గోల పడలేక నేనేమో ఇనుము వినిపించకుండా నొక్కి పెట్టుకున్నాను. బిళ్ళ కింద అంత ఇనుముంటే దాన్నీ ఇనుమే అనుకుని నోరు మూసుకుంటోంది ఇది!"

తడి వేళ్ళతో మీట నొక్కింది. ఇప్పుడు చెవుల్లో సంతగోల మొదలైంది. మేకులు, గొలుసు ముక్కలు, తుప్పు, అన్నీ బొంగురు గొంతులే. ఆమె వెనక్కి నడిచింది, అడుగడుగూ వింటూ. తొమ్మిదో కర్ర దాటగానే బొంగురు గొంతు ఒకటి పెద్దగా, వెడల్పుగా లేచింది. దాని నడుమ సన్నటి ఇంకో గొంతు తెగి తెగి పలికింది. పక్కనుంచి అడ్డంగా ఊపింది. మళ్ళీ అదే, రెండు గొంతులూ కలిసి.

"ఇక్కడ! బావా, తవ్వు తవ్వు!"

బావగారు వయసు మరిచిపోయి తవ్వాడు. తవ్విన గోతిలోకి ఇసుక జారిపోతూనే ఉంది. ఇక లాభం లేదని ఆమె మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ భుజాల దాకా దింపింది. కెరటం ముఖం మీద కొట్టింది. వేళ్ళకు గట్టిగా, నున్నగా, గుండ్రటిది తగిలింది. చూపుడు వేలు గాడిలోకి దిగింది. ఒకటి. పక్కన ఇంకో ఒకటి. ఆ పక్కన ఏడు, ఆ ఏడుకున్న వంకర తోక కూడా. పోత పోసినవాడు దాన్ని వంకరగా దింపినందుకు అప్పట్లో ఆమె నవ్వింది కూడా.

ఆమె గట్టిగా నవ్వేసింది. బావగారు ఆ నవ్వు చూసి పార గాల్లోకి ఎగరేశాడు.

ఫోను చేస్తే ఇంజనీరు పావుగంటలో వచ్చాడు. ఒడ్డున ఒక్క క్షణం బూట్ల వంక చూసుకుని, అలాగే నీళ్ళలోకి దిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దింపింది. అతని వేళ్ళు తడుముకుంటున్నంతసేపూ ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"ఒకటి... ఒకటి... ఏడు," అన్నాడతను. తలెత్తి ఒడ్డు వైపు చూశాడు. అంత దూరంలో తాళ్ళ వీధి ఇళ్ళు, వాటి ముందు ఆరేసిన కొబ్బరి పీచు. తిరిగి ఆమె వైపు తిరిగేటప్పటికి అతని గొంతు మారిపోయింది. "ఎంతన్నారండీ అప్పట్లో? అరవై నాలుగా?"

"అరవై నాలుగు."

"ఆ వీధి చివరిదాకా తీసుకెళ్ళాలి గోడని. ఇవాళే గీస్తాను." తడి చేత్తోనే జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం లేదు. బావగారు తన చొక్కా జేబులోని మందుల చీటీ తీసి వెనక్కి తిప్పి ఇచ్చాడు. నీళ్ళు తొడల దాకా ఎక్కుతున్నాయి. ముగ్గురూ అక్కడే నిలబడి, ఆ చిన్న చీటీ మీద గోడ ఎక్కడ మలుపు తిరగాలో గట్టిగట్టిగా వాదించుకోవడం మొదలుపెట్టారు.