నిభ తల మీది పొగ

మధ్యాహ్నం పన్నెండున్నరకి అనాదినాథ్ ధర్ భోజనానికి ఇల్లు చేరతాడు. పీట మీద కూర్చుంటాడు, అటూ ఇటూ చూస్తాడు, పంచె ముడి విప్పి చిటికెడు జాపత్రో రెండు పిప్పళ్ళో భార్య అరచేతిలో వేస్తాడు. నిభ ఒక చేత్తో చేపల పులుసు వడ్డిస్తూ రెండో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది.

"పోయినేడాది సరుకు. పైగా వానలో తడిసింది," అంటుంది గుసగుసగా.

అనాది తిని, చెయ్యి కడుక్కుని, పోస్తా బజారులోని తమ సుగంధద్రవ్యాల దుకాణానికి తిరిగివెళ్ళి, కళ్ళు సగం మూసి, ఆ ముక్కలే గంభీరంగా పలుకుతాడు. బజారంతా ఆహా అంటుంది. తాతముత్తాతల నాటినుంచీ ధర్ వారికి ముక్కే పెట్టుబడి మరి. అనాది ముక్కు టైఫాయిడ్‌లో పోయిందనీ, దానికి కర్పూరానికీ కాకరకాయకీ తేడా తెలియదనీ మొగుడూ పెళ్ళాలిద్దరికే తెలుసు. పెదనాన్న కుంజలాల్‌కి తెలిసిందంటే అనాది గద్దె దిగి గోదాంలో గోనెలు కుట్టుకోవలసిందే.

మూడేళ్ళు ఇలా గుట్టుగా సాగింది. ఇంతలో దుర్గాష్టమి వచ్చిపడింది.

అష్టమి నవమిలో కలిసే సంధివేళ ఆ ఇంటి తల్లులు అమ్మవారి ఎదుట వరసగా కూర్చుని, తల మీద ఒకటి, చేతుల్లో రెండు మట్టి మూకుళ్ళు పెట్టుకుని, పిల్లల క్షేమం కోరి గుగ్గిలం కాలుస్తారు. వర్తకుల ఇళ్ళలో చాలాచోట్ల ఉన్నదే. కాకపోతే ధర్ వారింట్లో ఆ పొగ పైకి పోదు. కాల్చే మనిషి మనసు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. నడిపత్త పొగ ఏటా మెట్లు దిగి, ట్రాము పట్టాలు దాటి, కృష్ణనగర్‌లో తమ్ముడింటి దారి పడుతుంది. చిన్నత్త పొగకి అంత ఓపిక లేదు, సందేశ్ మిఠాయిల పళ్ళెం దగ్గరే చతికిలబడుతుంది. పొగ వెళ్ళినచోటికి మనిషినీ పంపాలి. పంపకపోతే ఏడాది పొడుగునా ఇంట్లో కళ్ళు మండుతూనే ఉంటాయి. అందుకని దశమి మర్నాడు నడిపత్తకి రైలు టిక్కెట్టు, చిన్నత్తకి నిండు పళ్ళెం.

కొడుక్కి ఏడాది నిండింది కాబట్టి ఈసారి నిభ కూడా కూర్చోవాలి.

"ఏమండీ, నా పొగ దుకాణానికి పోతే?" అంది సప్తమి నాడు.

"పోనివ్వకు."

"పోనివ్వకపోవడానికి అదేమన్నా మేకా, తాడు కట్టడానికి?"

"మీ అమ్మని తలుచుకో. శాంతిపూర్‌లో ఇల్లు, పెరట్లో జామచెట్టు..."

నిభ తలుచుకుంది. అమ్మ దగ్గర ఆవపిండి వాసన వచ్చింది, ఆవాలు ఎక్కడివో అని మనసు చప్పున పోస్తాకి ఉరికింది. పసివాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడి తలకి రాసిన నూనెలో వట్టివేరు పాతది. పడుకుంటే నిద్ర లేదు, కూర్చుంటే కుదురు లేదు. ఆడది గడప తొక్కని ఆ దుకాణంలో మూతి విప్పిన బస్తా ఎలా ఉంటుందో! ఇన్నాళ్ళూ ఆమెకి దక్కింది చిటికెడే.

అష్టమి నాడు తెల్లారకముందే ఆడవాళ్ళు ఉపవాసంతో పూజ పనుల్లో పడ్డారు. అనాదికి నిభ దగ్గరికి వెళ్ళే వీలు లేకపోయింది. సరిగ్గా అప్పుడే ఓ కాబూలీ వర్తకుడు ఇంగువ పట్టుకొచ్చాడు, సాయంత్రం బండికి పోతానన్నాడు. కుంజలాల్ ఓ పలుకు అనాది చేతిలో పెట్టాడు. అనాది కాసేపు పీల్చాడు, కాసేపు చెమట తుడుచుకున్నాడు, "శ్రేష్ఠం" అన్నాడు. పలుకుని పంచె ముడిలో దాచుకున్నాడు.

సంధివేళ మధ్యాహ్నమే పడింది. వర్తకుల ఇళ్ళలో నిలిపే దుర్గ బొమ్మకి రాక్షసుడితో పేచీ లేదు, శివుడి ఒళ్ళో తీరిగ్గా కూర్చుని చూస్తోంది. నూట ఎనిమిది దీపాలు వెలిగాయి, డప్పులు మోగాయి. నడిపత్త నిభ చెవిలో, "నీ పొగ తిన్నగా మంచం దగ్గరికే పోతుందిలే!" అని కిసుక్కుమంది.

నిభ తల మీది పొగ లేచింది. గుమ్మం దాకా పోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, మగవాళ్ళ మధ్య దూరి, అనాది నడుముకి చుట్టుకుంది. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కానీ పొగ అతని పంచె ముడిని ముక్కుతో పొడిచినట్టు పొడుస్తోంది.

"విప్పరా," అంది ఠాకుమా, అనాది నాయనమ్మ.

ఇంగువ పలుకు కింద పడింది. మూకుళ్ళు పట్టుకుని కదల్లేని నిభ కళ్ళు గట్టిగా మూసుకుంది. నోరు మాత్రం మూతపడలేదు.

"సగం మైదా, పెదమావయ్యగారూ. కొనకండి."

డప్పులు ఆగాయి. కుంజలాల్ అనాది వంక చూశాడు. "శ్రేష్ఠం అన్నావు కదరా! అదేం ముక్కురా నీది?"

"నాది కాదు పెదనాన్నా. నాది ఎప్పుడో పోయింది. మూడేళ్ళుగా దుకాణంలో పలికేది ఆవిడ ముక్కే."

పొగ అతన్ని వదిలి, గుమ్మం దాటి, బజారు వైపు చకచకా వెళ్ళిపోయింది.

"ఆడమనిషి గద్దె ఎక్కడమా!" అన్నాడు కుంజలాల్.

"ఎక్కకపోతే ఏడాదంతా కళ్ళు నులుముకుంటూ కూర్చో," అంది ఠాకుమా. "అనాదిగాడు గోనెలు కుడతాడులే. వాడికి చేతులున్నాయిగా."

అనాది తల ఊపాడు. మూడేళ్ళలో అతను అంత హాయిగా ఊపిరి తీసుకోవడం నిభ చూడలేదు.

దశమి మర్నాడు గుమ్మంలోకి రిక్షా వచ్చింది. నిభ చీర కొంగుని గడ్డం దాకా లాక్కుని గడప మీద నిలబడిపోయింది. ఠాకుమా వచ్చి ఆ ముసుగుని వెనక్కి తోసేసింది.

"ముక్కు కప్పుకుని ముక్కు పనికి బయల్దేరతారుటే ఎవరైనా?"

రిక్షా కదిలింది. ఆ మొహాన్ని అంతవరకూ చూడని వీధి వీధంతా చూసింది. నిభ వీధిని చూడలేదు. గాలిలోకి తలెత్తి, పక్కన నడుస్తున్న అనాదిని పిలిచింది.

"ఏమండీ, త్వరగా నడవండి. అక్కడెవరో మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతున్నారు."