చిన్న గొంతుతో చెప్పవలసిన మాట

గురువారం మధ్యాహ్నం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఉయో పట్టణం మీద పొద్దుటి నుంచి పడుతున్న జూలై వాన అప్పుడే వెలిసింది. గాలి లేదు, రేకుల చూరుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. సగం కూడా అమ్ముడుపోని పొగచేపల తట్ట నెత్తిన పెట్టుకుని అరిట్ సందు మలుపు తిరిగేసరికి, పది గదుల వాళ్లకూ ఉమ్మడిగా ఉన్న వాకిట్లో జనం మూగి ఉన్నారు. కుళాయి దగ్గర మాత్రం ఒక్క బిందె లేదు. ఆ వేళప్పుడు కుళాయి ఖాళీగా ఉండడం చూసే అరిట్ అడుగు వేగం పెంచింది.

జనం మధ్య, బురదలో, మోకాళ్ల మీద ఉన్నది ఆమె కూతురు ఇటోరో. పదిహేనేళ్ల పిల్ల. బడి చొక్కా భుజం దగ్గర చిరిగిపోయింది. మూసుకున్న రెప్పల మీద నూరిన పచ్చిమిరప ముద్ద. పక్కగదిలో ఉండే ఎఫాంగా ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాడు. అద్దె మోటారు సైకిలు మీద మనుషుల్ని దింపి బతికేవాడు. పెట్రోలు పట్టే రబ్బరు గొట్టం చేతిలో ఉంది.

అరిట్ తట్ట దించలేదు. అదే జారి పడింది.

"నా బిడ్డనెందుకు కొడతన్నావు, ఎఫాంగా?"

"దాన్నే అడుగు. దాని నోటితో అదే చెప్పింది. నా కొడుకుని తినేశానంది."

ఎఫాంగా, అతని భార్య ఆఫియాంగ్‌ల పది నెలల కొడుకు చనిపోయి అప్పటికి వారం. ఈ నింద ఎలా పుట్టిందో అర్థం చేసుకోవడానికి అరిట్‌కు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దీనికి మొదలు తన గదిలోనే ఉంది.

శనివారం ఒక సినిమా కంపెనీ వాళ్లు పిల్లల్ని పరీక్షించి వేషాలకు ఎంచుకుంటారని బడిలో సాహిత్యం చెప్పే ఉతిబే మాస్టారు సోమవారం కబురు తెచ్చాడు. కెమెరా ముందు ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడి చూపించాలి. కంపెనీ వాళ్లు రెండు పాఠాలు పంపారు. మొదటిది బస్సుల దగ్గర నీళ్ల పొట్లాలమ్మే పిల్ల తన బుట్ట తన్నేసిన పోలీసుతో అనే మాటలు. రెండోది మంత్రగత్తె అని పేరు పడిన పిల్ల, తమ్ముణ్ణి తానే రాత్రిపూట తిన్నానని ఒప్పుకుని ఏడ్చే మాటలు.

"మొదటిది తీసుకోండమ్మా," అన్నాడు మాస్టారు. "మీ పిల్ల స్వభావానికి అది సరిపోద్ది. ఇది నాటకం కాదు గదా, కెమెరా. మొహానికి ఇంత దగ్గరలో ఉంటది. పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు చిన్నగా చెబితే చాలు. అరిస్తే పాడైపోద్ది."

"నీళ్ల పొట్లాలమ్మేదాన్ని డబ్బులు పెట్టి ఎవరు చూస్తారు మాస్టారూ? రోజూ రోడ్డు మీద ఊరికే చూస్తానే ఉన్నాం. బజార్లో సీడీ అట్టల మీద ఎవరి మొహం ఉంటది? కళ్లకి తెల్లరంగేసిన పిల్లదే."

ఆమె అన్నది అబద్ధం కాదు. మంత్రగత్తె పిల్ల వేషానికి రోజుకు మూడు వేల నైరాలు ఇచ్చేవారు. మిగతా పిల్లలకు ఎనిమిది వందలు. ఆ సినిమా బొమ్మలు చూసినవాళ్లే ఆదివారం ప్రార్థన మందిరానికి వెళ్లి తమ ఇళ్లలోని పిల్లల్ని అనుమానంగా చూసేవారు. మందిరంలో విన్న సాక్ష్యాలనే కంపెనీ వాళ్లు మరుసటి నెల బొమ్మగా తీసేవారు. ఇందులో ఏది ముందు మొదలైందో అడిగినవాళ్లు ఆ పట్టణంలో లేరు.

ఇటోరో మొదటి పాఠమే కావాలంది. తల్లి రెండోది చేతికిచ్చింది. అక్కడితోనూ ఆగలేదు. అరిట్ ఎరిగిన వేదిక మందిరం ఒక్కటే. "గట్టిగా చెప్పవే, ఆఖరి బల్ల మీదోళ్లకి వినబడాలి," అని మూడు సాయంత్రాలు కూతురి చేత అరిపించింది. గదికీ గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, పలకచెక్క. అవతల, పాలు ఇంకా ఇంకని రొమ్ములతో పడుకుని ఉన్న ఆఫియాంగ్ ఆ ఏడుపంతా విన్నది.

"అవి సినిమా మాటలు," అంది అరిట్ వాకిట్లో. "పరీక్షకని నేర్చుకుంటంది. నేనే నేర్పాను. మాస్టార్ని పిలిపించండి, ఆయన చెప్తాడు."

"నువ్వే నేర్పావా?" అంది జనంలోంచి ఒక ముసలామె. "అదే అనుకుంటన్నాం. తల్లి కాడి నుంచే వచ్చుంటది."

కొందరు నవ్వారు. అరిట్ మీదికి ఒక రాయి వచ్చింది, తరవాత చెప్పు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పాస్టర్ ఉకెమే చెయ్యెత్తాడు. రాళ్లు ఆగాయి. ఆయన తెల్ల అంగీకి ఎక్కడా బురద అంటలేదు. గొంతులో కోపమూ లేదు.

"చూడమ్మా అరిట్. సినిమా మాటలో, నిజం మాటలో, నాకు పన్లేదు. ఒప్పుకున్న పిల్లని బాగుచెయ్యొచ్చు. ఒప్పుకోనిదాన్ని ఈ జనం చేతిలోంచి నేను తప్పించలేను. ఆదివారం మందిరంలో అందరి ముందూ ఇవే మాటలు చెప్పించు. కంఠతా వచ్చు గదా. విడుదల ప్రార్థనకి నలభై వేలవుతది, మెల్లగా కట్టుకో." ఒక్క క్షణం ఆగి అన్నాడు: "ముందు ఇక్కడ ఒకసారి చెప్పమను. మంచి గొంతు. పక్క ఊళ్ల వాళ్లు కూడా వస్తారు."

అరిట్ కూతురి పక్కన బురదలో కూలబడి, కొంగు తడిపి ఆమె కళ్లు తుడిచింది.

"చెప్పెయ్యవే. నీకొచ్చిన మాటలే గదా. ఒక్కసారి అనేస్తే లోపలికెళ్లిపోదాం."

"చెప్పను."

గొట్టం వీపు మీద పడింది. ఇటోరో ముందుకు పడబోయి చేతులానించుకుంది.

"అను," అన్నాడు ఎఫాంగా.

"నిన్నటిదాకా వందసార్లన్నావు, ఇప్పుడేమొచ్చింది?" అంది తల్లి, ఏడుస్తూ.

"నిన్న అవి ఆ సినిమా పిల్ల మాటలమ్మా. ఇప్పుడంటే నావైపోతాయి."

మళ్లీ దెబ్బ. ఈసారి మెడ మీద. ఆమె అరవలేదు. మొహం ఆఫియాంగ్ నిలబడ్డ వైపు తిప్పి మాట్లాడింది. ఆ గొంతు ఎంత చిన్నదంటే వెనక ఉన్నవాళ్లు వినబడక ముందుకు వంగారు, పక్కవాళ్లను ఊరుకోమన్నారు. ఉతిబే మాస్టారు కెమెరాకు చాలునన్న గొంతు అంతే ఉంటుంది.

"పిన్నీ, బాబుకి జ్వరమొచ్చిన రోజు నా ఒళ్లోనే పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతంది. ఆస్పత్రికెళ్దాం పిన్నీ అన్నాను. నువ్వు సరేనని చెప్పులు కూడా వేసుకున్నావు. అప్పుడు పాస్టర్ గారొచ్చి, మందేస్తే ప్రార్థన పనిచెయ్యదన్నారు. నువ్వు చెప్పులిప్పేశావు. నాలుగు రోజులు మందిరంలో చాప మీద పడుకోబెట్టారు. ఆఖర్న ఏడవడానిక్కూడా వాడికి గొంతు రాలేదు. నువ్వు పక్కనే ఉన్నావు గదా."

ఆఫియాంగ్ తన పాదాల వైపు చూసుకుంది.

ఎఫాంగా ఒకసారి భార్య వైపు, ఒకసారి కుర్చీ వైపు చూశాడు. మోటారు సైకిలు మీద నెలరోజులు సంపాదించినదంతా ఆ నాలుగు రోజుల ప్రార్థనకు ఇచ్చినవాడు. కుర్చీలో ఉన్నవాణ్ణి కొడితే, కొడుకును తానే డబ్బిచ్చి చంపుకున్నట్టు ఒప్పుకోవాలి. అది అతని వల్ల కాలేదు. అరచెయ్యి చాచి పిల్ల ఎడమ చెవి మీద తన బలమంతా పెట్టి కొట్టాడు. ఇటోరో పక్కకు ఒరిగిపోయింది. చెవిలోంచి సన్నగా నెత్తురు కారి దవడ మీదికి వచ్చింది.

అరిట్ కూతురి మీద బోర్లా పడి ఆమెను కప్పేసింది. తరవాతి దెబ్బలు తల్లి వీపు మీద పడ్డాయి. ఆమె ఇంక చెప్పమనలేదు.

"అనమను దాన్ని," అన్నాడు పాస్టర్.

"అనదు," అంది అరిట్, బురదలోంచి.

గొట్టం మళ్లీ పైకి లేచింది గాని కిందికి రాలేదు. దాని రెండో కొస ఆఫియాంగ్ పట్టుకుని ఉంది. మొగుడు లాగాడు. ఆమె కాళ్లు బురదలో జారాయి గాని పిడికిలి విడలేదు.

వాన మళ్లీ మొదలైంది. పాస్టర్ అంగీ అంచు ఎత్తి పట్టుకుని, వాకిట్లో చెల్లాచెదరైన చేపలను తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. జనంలో సగం మంది ఆయన వెంట నడిచారు. మిగిలినవాళ్లు చూరుల కింద నిలబడి, ఒకే గొట్టాన్ని చెరో కొసన పట్టుకున్న ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయారు.

శనివారం పరీక్షకు ఇటోరో వెళ్లలేదు. ఆ రెండో పాఠం చెప్పి ఇంకో పిల్ల వేషం తెచ్చుకుంది. ఆ బొమ్మ ఉయో బజారులో రెండేళ్లు అమ్ముడుపోయింది.

పన్నెండేళ్ల తరవాత కూడా, ఇటోరో నటించే ప్రతి సినిమాలోనూ ఆమెతో మాట్లాడేవాళ్లను కుడి చెవి వైపు నిలబెట్టేవారు.